పళ్ళెం వెనకపక్క

కుంటి పుల్లయ్య అయిపోయాడు. పుల్లయ్య పెండ్లాం అయిపోయింది. వాళ్ళ ముగ్గురు పిల్లలూ ఒకరి వెనక ఒకరు జర్రుజర్రుమని అయిపోయారు. దాసన్న రాయిని కుంకుడురసంలో ముంచి, పిడిని బొటనవేలితో గట్టిగా అదిమి, పక్కింటి ఏసుమణి దగ్గరికి వచ్చాడు. ఏసుమణి లావుపాటి మనిషి గనక ఆమెకు రాయిని రవ్వంత పొడుగ్గా లాగాడు.

వినేవాళ్ళకు గుండె జారుతుందేమో గానీ, అక్కడ ఎవరికీ ఏమీ కావడం లేదు. కడపలో వెంకటరమణయ్య శెట్టి ఇత్తడి సామాన్ల అంగడి వెనక, రేకుల పంచలో, గోనెపట్ట మీద కూచుని దాసన్న ఒక పళ్ళేనికి మెరుగు పెడుతున్నాడు. తోమడం వేరు, మెరుగు పెట్టడం వేరు. తోమితే ఇత్తడి అరుగుతుంది. మెరుగు పెట్టేవాడు రవ్వ కూడా అరగనివ్వడు. నున్నటి రాయితో అదిమి అదిమి, లోహం గరుకును లోహంలోకే అణచిపెడతాడు. దాసన్న రాయి చింతగింజంత అకీకు. ముప్పై ఏళ్ళ కిందట పెద్ద దర్గా ఉరుసులో ఒక ఫకీరు దగ్గర కొన్నాడు. ఉంగరంలో పొదిగించుకుంటే అదృష్టం పడుతుందని ఫకీరు చెప్పాడు. దాసన్న దాన్ని చెక్కపిడిలో బిగించుకున్నాడు. ఇప్పుడు పిడి మీద వేలు ఆనేచోట గుంట పడింది, వేలి మీద పిడి ఆనేచోట కాయ కాసింది. అదృష్టం సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

లెక్కకు దాసన్న దగ్గర అంకెలు లేవు, మనుషులున్నారు. బుగ్గవంక అవతల అతని పల్లె. ముప్పై ఇళ్ళు, ఒక చిన్న ప్రార్థన గుడి, గుడికొక గంట. తూర్పు చివర పుల్లయ్య ఇంట్లో మొదలుపెట్టి పడమటి చివర తన కొట్టం దాకా, పేరుకొక రుద్దు. బతికున్నవాళ్ళు తొంభైమంది, వాళ్ళది పళ్ళెం ముందుపక్క. తర్వాత పళ్ళేన్ని బోర్లిస్తాడు. పోయినవాళ్ళు తొంభైమంది, వాళ్ళది వెనకపక్క. అంతటితో ఒక దఫా. ఎవరైనా పుడితే ముందుపక్కకు చేరతారు. ఎవరైనా పోతే వెనకపక్కకు తిరుగుతారు, అక్కడ అందరికన్నా పాతవాళ్ళు ఒకరు సెలవు తీసుకుంటారు. కోలారు గనులకు పోయి జాబు రాయనివాళ్ళను ఏ పక్క వేయాలో తెలియక వాళ్ళను అంచు చుట్టూ తిప్పుతాడు.

రెండు పక్కలూ సమానంగా ఎందుకు రుద్దాలంటే, ఇత్తడికీ పౌరుషం ఉంది. ఒక్కపక్కే అదుముతూ పోతే ఆ పక్క తోలు సాగి పరుచుకోవాలని చూస్తుంది, రెండో పక్క రానివ్వదు. రెంటికీ లోపల్లోపల పెనుగులాట. పైకి కనిపించదు గానీ, కొన్నాళ్ళకు పళ్ళెం నడుమ బొడ్డు లేస్తుంది.

పల్లెలో ఈ పేర్ల సంగతి అందరికీ తెలుసు. దాసన్నతో పోట్లాడినవాళ్ళు కూడా మర్నాడు అంగడి వెనక్కి వచ్చి తమను రుద్దాడో, వదిలేశాడో కనుక్కుని పోయేవాళ్ళు. ఓబన్నకైతే ఆ తిప్పలు లేవు. అదే పల్లెవాడు, దాసన్న ఈడువాడు, అదే పంచలో అవతలి మూల కూచుని చింతపండూ ఇసుకా పెట్టి మొదటి తోముడు తోమేవాడు. తన పేరు వచ్చే వేళకు చెవి ఇటు పారేసేవాడు.

"నన్ను ఈ పొద్దు మెల్లగా రుద్దప్పా," అన్నాడు ఓబన్న ఆ ఉదయం. "నడుము శానా నొప్పిగా ఉండాది."

దాసన్న మెల్లగానే రుద్దాడు.

ఆ పళ్ళెం ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి. ఏటేటా కల్యాణానికి ఒక కొత్త హారతి పళ్ళెం ఇస్తామని శెట్టి తాతగారు మొక్కుకున్నారు. తాతగారు పోయారు, మొక్కు పోలేదు. మసకగా ఉన్న పచ్చి పళ్ళెం వారం ముందు దాసన్న ఒళ్ళోకి వస్తుంది. రోజుకు పది దఫాల చొప్పున ఆరు రోజులు రుద్దాక, అందులో శెట్టి తన మీసం దువ్వుకుంటాడు. ఆ తర్వాత పసుపునీళ్ళు చల్లుతాడు. పసుపునీళ్ళు పడ్డాక పళ్ళెం దేవుడిది, దాసన్న దాన్ని తాకకూడదు. ఆరు రోజులు ఒళ్ళో పెట్టుకున్నప్పుడు లేని మైల ఏడో రోజు ఎక్కణ్ణుంచి వస్తుందో దాసన్న అడగలేదు. కుంకుడురసం అయిపోయినప్పుడు పళ్ళేన్ని ఉమ్మితో తడుపుతానని అతను కూడా శెట్టికి చెప్పలేదు. ఇద్దరికీ అట్లా సరిపోయింది.

నలభై ఏళ్ళు సరిపోయినది పోయినేడు చెడింది. కల్యాణం నాడు పూజారి పళ్ళెం నడుమ కర్పూరం పెట్టి వెలిగించాడు. వెలిగిన బిళ్ళ ఒక క్షణం ఆలోచించి, నింపాదిగా జారుకుంటూ వచ్చి, సరిగ్గా శెట్టి కాలిబొటనవేలి పక్కన పడింది. అంత జనంలో శెట్టి ఒంటికాలి మీద గెంతాడు. స్వామికి తూకాల సంగతి తెలుసునని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాట శెట్టికంటే ముందే కడపకు చేరింది. అప్పటినుంచీ అంగడికి వచ్చే ప్రతివాడూ చెంబు కొనే ముందు శెట్టి కాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టాడు.

అందుకే శెట్టి మద్రాసు మనిషి ఒకడితో మాట్లాడి పెట్టాడు. మద్రాసులో మెరుగు పెట్టే చక్రం ఉంది. కాలితో తొక్కితే గుడ్డచక్రం గిర్రున తిరుగుతుంది, రోజుకు ఇరవై పళ్ళేలు తళతళలాడతాయి. దానికి పేర్లు చెప్పాల్సిన పని లేదు. ఈ పళ్ళేనికి కూడా బొడ్డు లేస్తే సోమవారం చక్రం వచ్చి దాసన్న గోనెపట్ట ఉన్నచోట కూచుంటుంది. అరవైరెండేళ్ళ దాసన్నకు ఆ గోనెపట్ట తప్ప ఇంకో జాగా లేదు. పిల్లలు లేరు. భార్య వరమ్మ రెండేళ్ళ కిందటి కలరాలో పోయింది. ఇంట్లో అతను పడుకుంటాడు, బతికేది మాత్రం ఈ పంచలోనే.

అది ఆరో రోజు, పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం చైత్రమాసం. పొద్దున పదికే ఎండకు రేకులు టపటపమంటున్నాయి. వెంకటరమణయ్య శెట్టి పంచలోకి వచ్చాడు. వెనకనే అతని అల్లుడు నాగేశ్వరయ్య. మద్రాసులో ఇంజనీరింగు చదివి, ఉద్యోగం ఇంకా చిక్కక, మామగారి ఇంట్లో భోజనం చేస్తూ దొరికినదాన్నల్లా కొలుస్తూ ఉండేవాడు. చేతిలో మూడు కాగితాలున్నాయి.

శెట్టి నడుముకు చెక్కుకున్న చిన్న పొట్లంలోంచి ఒక ఆవగింజ తీసి పళ్ళెం నడుమ పెట్టాడు. పళ్ళేల పరీక్షకు ఆవగింజ దాసన్న పెట్టిన పద్ధతే గానీ, పోయినేటి నుంచి ఆ పని శెట్టి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ముగ్గురూ వంగి చూశారు. ఓబన్న అవతలి మూలనుంచే మెడ చాచాడు. గింజ రవ్వంత ఊగి, బయలుదేరి, వేగం పుంజుకుని, అంచు దాటి శెట్టి పాదాల దగ్గర పడింది.

"ఏమిరా దాసా," అన్నాడు శెట్టి. "పోయినేడు కర్పూరం, ఈయేడు ఆవగింజ. నీ పళ్ళేలకు నా కాళ్ళ మీద ఏం భక్తిరా?"

దాసన్న కంటే శెట్టి పదేళ్ళు చిన్న. అయినా ఆ 'రా' ఇద్దరికీ అలవాటే.

రెండు పక్కలా ఒకే మాదిరి రుద్దానని దాసన్న చెప్పుకున్నాడు. నాగేశ్వరయ్య కాగితాలు విప్పాడు. మొన్న అతను పళ్ళెం చేయగా మిగిలిన రేకులోంచే బెత్తెడు ముక్క కోసి, ఓబన్న చేత దాన్ని ఒక్కపక్కే వంద రుద్దులు రుద్దించాడు. ముక్క వెదురుబద్దలా వంగింది. ఎంత వంగిందో కొలిచాడు. పళ్ళెం బొడ్డు ఎంత లేచిందో దారం కట్టి కొలిచాడు. ఇక ఆ మూడు కాగితాలూ బాణాలే. పై తోలు బయటికి తోసే బాణాలు, కింది తోలు వెనక్కి లాగే బాణాలు, నడుమ ఎటూ పోలేక నిలబడిన ఒక గీత. ఇత్తడి లోపలి పెనుగులాటనంతా అతను బొమ్మ గీసి చూపించాడు. దాసన్న వంగి చూసి, ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళున్నట్టు ఉందన్నాడు. తాను పేజీన్నరలో రాసింది సరిగ్గా అదేనన్నాడు నాగేశ్వరయ్య.

"అయితే లెక్క ప్రకారం వెనకపక్క ఏడువందల రుద్దులు తక్కువ పడినాయి దాసన్నా," అన్నాడు. "కొంచెం అటూ ఇటూ."

"లేదు సామీ. రెండు పక్కలా ఒకటే."

అప్పుడు ఓబన్న ఇసుకచేతులు దులుపుకుని లేచాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పేర్లు వింటున్నవాడు, ఎక్కడ ఏం జరిగిందో అతనికి తెలుసు. రెండేళ్ళుగా నోరు కట్టుకుని ఉన్నాడు.

"ఈయప్ప సచ్చినోళ్ళను తిప్పలేదు సామీ," అన్నాడు. "కలరాలో మా పల్లెన పద్నాలుగు మంది పోయినారు. మళ్ళా పద్నాలుగు మంది పుట్టినారు. పుట్టినోళ్ళను చేర్చినాడు గానీ, పోయినోళ్ళను తీయలే. అందరూ ముందుపక్కనే ఉండారు."

పద్నాలుగు మంది, అయిదు రోజుల్లో యాభై దఫాలు. నాగేశ్వరయ్య పెదవులు కదిలాయి. ఏడువందలు. లెక్క సరిగ్గా కుదిరిందని అతను చిన్నపిల్లాడిలా ఎగిరి, కాగితాలు ఊపి, మామగారి భుజం పట్టుకున్నాడు. చచ్చినవాళ్ళను లెక్కపెట్టి అంత సంబరపడినవాడు కడప జిల్లాలో మరొకడు ఉండడు. తర్వాత దాసన్న మొహం చూసి, కాగితాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఇదంతా శెట్టికి అర్థం కాలేదు. చచ్చినవాళ్ళేమిటో, తన పళ్ళెం మీద వాళ్ళకేం పనో అడగడానికి కూడా అతనికి తీరిక లేదు. రేపు తెల్లారే ఒంటిమిట్ట రైలు. దీపాలు పెట్టే వేళకు గింజ కదలకుండా ఉండాలి, కదిలితే సోమవారం చక్రం దిగుతుంది అని చెప్పి వెళ్ళిపోయాడు.

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ సంగటి తిన్నారు. ఓబన్న తన ముద్దలో సగం, అడగకుండానే, దాసన్న గిన్నెలో వేశాడు. దాసన్న అది కూడా తిన్నాడు గానీ ఏం తిన్నాడో అతనికి తెలియలేదు. పోయినవాళ్ళను వెనక్కి తిప్పక తప్పదని ఓబన్న మెల్లగా మొదలుపెట్టాడు. ఒక్కొక్కరికీ యాభై చొప్పున, ఈ పూటే. ఆ మాత్రానికి ఎవరికీ కోపాలు రావనీ, అక్కడ వాళ్ళ వాళ్ళందరూ ఉన్నారనీ నచ్చజెప్పాడు. సరే పదమూడు మందిని తిప్పుతానన్నాడు దాసన్న.

"మరి వరమ్మ?"

దాసన్న ఖాళీ గిన్నె అంచును బొటనవేలితో రుద్దాడు.

"పడమటి చివర మాది ఆఖరి కొట్టం గదా ఓబన్నా," అన్నాడు. "వరమ్మ, దాసన్న అనుకుంటా రాయి నిలుపుతా దినామూ. ఆమెను ఆపక్కకు తిప్పితే, ఈపక్క నా పక్కన ఎవురుండారప్పా?"

ఓబన్న గిన్నెలు కడగడానికి లేచిపోయాడు.

వరమ్మ కూడా అంత తేలికైన మనిషి కాదు. ఊళ్ళో అందరి చెంబులూ అద్దాల్లా ఉంటాయి, మన ఇంట్లో చెంబు మాత్రం బొగ్గులా ఉందని ముప్పై ఐదేళ్ళు దెప్పింది. దాసన్న రేపు, రేపు అన్నాడు. పనిచేసి వచ్చిన చేతికి మళ్ళీ ఇత్తడి ముట్టబుద్ధి అయ్యేది కాదు. కలరా వచ్చిన రోజు తెల్లవారుజామున పడి, మధ్యాహ్నానికి పోయింది. ఆ నల్లచెంబుతోనే ఆమె నోట్లో నీళ్ళు పోశాడు. ఆ తర్వాత చెంబుకు మెరుగు పెట్టడానికి అతనికి బోలెడంత తీరిక దొరికింది గానీ, చేతులు రాలేదు. ఆ చెంబు ఇప్పటికీ నల్లగానే ఉంది.

దాసన్న పళ్ళేన్ని బోర్లించాడు. ఓబన్న చింతగింజలు యాభై లెక్కపెట్టి పక్కన కుప్ప పోసుకున్నాడు, రుద్దుకొకటి ఇటు జరపడానికి.

మొదట రాహేలమ్మ. ప్రార్థనలో నిద్రపోయి, ఆమెన్ దగ్గర అందరికంటే గట్టిగా పలికేది. యాభై. తర్వాత మహానంది. పక్కవాళ్ళ గొర్రెలను కూడా తన గొర్రెలనుకునే అమాయకుడు. యాభై. నాగక్క, ఆమె కోడలు. బతికినన్నాళ్ళూ మాటల్లేవు గనక దాసన్న ఇద్దరి మధ్యా నరసింహను వేసి రుద్దాడు. మాడు పగిలే ఎండ, రేకుల కింద గాలి లేదు, చెమట పళ్ళెం మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆ పూట కుంకుడురసంతో తడపాల్సిన అవసరమే రాలేదు. నడుమ రెండుసార్లు దాసన్న ఆగి, ఎడమచేత్తో రొమ్ము రాసుకున్నాడు. ఓబన్న నీళ్ళు తెచ్చాడు. తాగి, మళ్ళీ వంగాడు. ఎవరినీ తొందరగా తోసెయ్యలేదు. ఒక్కొక్కరి గురించీ ఏదో ఒకటి చెప్పి, ఇద్దరూ నవ్వుకుని, తర్వాతే రాయి లాగాడు. పద్నాలుగు మంది చావులకు కలరా రోజుల్లో ఏడవడానికి కూడా వ్యవధి లేకపోయింది. ఇప్పుడు నవ్వడానికైనా దొరికింది.

పదమూడో మనిషి అయ్యేసరికి నాలుగు దాటింది. ఓబన్న పళ్ళేన్ని తిప్పి, చదునుబండ మీద పెట్టి, ఆవగింజ వేశాడు. గింజ కదిలింది. మునుపటిలా పరుగెత్తలేదు. నడవలేని ముసలిదానిలా మెల్లగా, ఆగి ఆగి, సగం దూరం పోయి నిలబడింది.

"ఇంగ యాభై," అన్నాడు ఓబన్న, చింతగింజల వైపు చూస్తూ.

దాసన్న ఆ ఆవగింజనే చూస్తూ కూచున్నాడు. ఆ తర్వాత తానే పళ్ళేన్ని బోర్లించుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"వరమ్మ," అన్నాడు.

మొదటి రుద్దుకు రాయి ఇత్తడిని తాకిందో లేదో కూడా తెలియలేదు. గట్టిగా అదమమని ఓబన్న అనబోయి ఊరుకున్నాడు. పదో రుద్దుకు బొటనవేలు పిడి గుంటలో కుదురుకుంది. ఇరవైకి దాసన్న కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ముప్పైకి ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏసుమణి మళ్ళీ లావైందనీ, ప్రార్థన గుడి గంటకు కొత్త తాడు కట్టారనీ, పుల్లయ్యకు మూడోవాడు పుట్టాడనీ, చెంబు రేపు తప్పకుండా రుద్దుతాననీ చెప్పాడు. నలభై దాటాక గొంతు బాగా తేలికపడింది. రెండేళ్ళుగా ఎత్తుకుని ఉన్న మూట దించినవాడిలా ఉన్నాడు. ఓబన్న యాభయ్యో చింతగింజ జరిపాడు.

"అయిపాయె," అన్నాడు దాసన్న. పళ్ళెం ముందుపక్క పైకి తిప్పి బండ మీద పెట్టాడు. "పోయి శెట్టిని పిల్చకరాపో. నేను రోంతసేపు గోడకు ఆనుకుంటా."

శెట్టి వచ్చాడు, అల్లుడు దారపు ఉండతో వెనకనే వచ్చాడు. దాసన్న గోడకు చేరగిలి, రాయిని గుప్పిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. లేపవద్దని ఓబన్న సైగ చేశాడు. శెట్టి గింజ తీసి పళ్ళెం నడుమ పెట్టాడు. అలవాటుగా కాళ్ళు రెండూ వెనక్కి తీసుకున్నాడు. గింజ కదల్లేదు. శెట్టి పళ్ళేన్ని ఇటు పావువంతు తిప్పాడు, అటు పావువంతు తిప్పాడు. గింజ పెట్టినచోటే ఉంది. నాగేశ్వరయ్య దారం కట్టి చూసి, తన చదువులో ఇంత చదునైన వస్తువును చూడలేదన్నాడు. శెట్టి మొహంలోకి ఏడాది తర్వాత నెత్తురు వచ్చింది. పళ్ళెంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. మరచెంబులోంచి పసుపునీళ్ళు చల్లి, కళ్ళకద్దుకున్నాడు. పళ్ళెం దేవుడిదైంది.

"ఏమిరా దాసా," అన్నాడు, గొంతులో కొంత గర్వం, కొంత మెత్తదనం. "ఆ చక్రమూ వద్దు, గిక్రమూ వద్దు. మా అల్లుని చేత మద్రాసుకు జాబు రాయిస్తా. నీ జాగా నీదే. నువ్వుండే దాకా నీదే."

దాసన్న పలకలేదు. జాగా ఇచ్చినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి శెట్టికి చురుక్కుమంది. అదే మాట మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. ఓబన్న దాసన్న భుజం మీద చేయి వేశాడు. వేసినవాడు తీయలేదు. దాసన్న తల మెల్లగా ఓబన్న మోచేతి మీదికి వాలింది.

శెట్టి ఆ గోనెపట్ట మీద, దాసన్న పక్కన, ధబ్బున కూలబడ్డాడు. నలభై ఏళ్ళలో ఆ పట్ట మీద అతను కూచోవడం అదే మొదలు.

"ఇప్పుడే గదరా ఇస్తి," అన్నాడు. "ఇప్పుడే గదా ఇస్తి."

 నాగేశ్వరయ్య దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. ఓబన్న దాసన్నను గోనెపట్ట మీద పడుకోబెట్టి, గుప్పిట్లోంచి రాయిని ఒక్కో వేలే విడదీసి తీసుకున్నాడు. పిడి గుంటలో తన బొటనవేలు పెట్టి చూశాడు. సరిపోలేదు. అయినా అట్లాగే పట్టుకుని, పసుపునీళ్ళు ఆరని పళ్ళేన్ని చేతుల్లోకి తీసుకున్నాడు.

శెట్టి చెయ్యెత్తాడు. ఆ చేయి కొంతసేపు గాలిలోనే ఉండి, మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

ఓబన్న పళ్ళేన్ని బోర్లించాడు. ఆఖరున వరమ్మను రుద్దిన చోటు ఇంకా వెచ్చగా ఉంది. ఆ పక్కనే రాయి ఆనించాడు.

"దాసన్న," అన్నాడు.

మెల్లగా రుద్దాడు. పొద్దుటినుంచీ వంగి వంగి ఆ నడుము ఎంత నొప్పిపెట్టి ఉంటుందో అతనికి తెలుసు.

పళ్ళేన్ని తిరిగి బండ మీద పెట్టాడు. నేల మీద పడిన ఆవగింజను శెట్టి స్వయంగా వెతికి తీసి, నడుమ పెట్టాడు. ఒక్క రుద్దు ఎక్కువైందే, కదులుతుందేమో అన్నాడు అల్లుడు గొణుగుతున్నట్టు.  మళ్ళీ పసుపునీళ్ళు చల్లమని కూడా శెట్టి అనలేదు. బుగ్గవంక అవతలికి కబురు పోయింది. పల్లెవాళ్ళు వచ్చారు. ఏసుమణి, పుల్లయ్య, తొంభైమందిలో నడవగలిగినవాళ్ళందరూ వచ్చి, దాసన్నను గోనెపట్టతో సహా ఎత్తుకుని పోయారు. శెట్టీ అల్లుడూ వీధి మొగదాకా వెంట నడిచారు.

పంచ ఖాళీ అయింది. బండ మీద పళ్ళెం, పళ్ళెం నడుమ ఆవగింజ పెట్టినచోటే ఉంది.